వేటకి వేటే లెక్క

మద్రాసులో ఆడిటరు ఆఫీసు ఉద్యోగం వదిలేసి యానాం వచ్చిన ఏడాది నాకు ఇరవై ఏడేళ్ళు. వదిలేశానని ఊళ్ళో చెప్పుకున్నాను గానీ నిజానికి వాళ్ళే పొమ్మన్నారు. కుర్చీలో అరగంట కుదురుగా కూర్చోలేనివాడు లెక్కలేం చూస్తాడని మా ఆఫీసు పెద్దాయన అన్నాడట. అందులో అబద్ధమేమీ లేదు. ఇంటికొచ్చాకా అదే తంతు. పొద్దున్నే రేవు దాకా నడిచి, గోదావరి దాటి పంటు దిగేవాళ్ళని కాసేపు చూసి, వెనక్కొచ్చి కాఫీ తాగి, మళ్ళీ రేవుకి బయలుదేరేవాణ్ణి. "కాలుగాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు? ఓ చోట కూచుంటే నీ సొమ్మేం పోతుంది?" అని అమ్మ రోజూ విసుక్కునేది. ఏం పోతుందో నాకూ తెలియదు. ఏదో పోతోందని మాత్రం ఒళ్ళంతా ఒకటే ఆరాటం.

మద్రాసు నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి ఒకటుంది. పన్నెండు పేజీల కార్బన్ కాపీ. అక్కడ నాలుగైదు డబ్బున్న కుటుంబాలు కలిసి ఒక ప్రైవేటు నిధి పెట్టుకుంటే, దాని ఒప్పందం టైపు కొట్టింది నేనే. దాన్ని వెంచర్ కాపిటల్ అంటారని అప్పుడే విన్నాను. పేపర్లలో కూడా అప్పుడప్పుడే ఆ మాట కనిపిస్తోంది. మూడు కాపీలు కొట్టమంటే నాలుగు కొట్టి, నాలుగోది సంచిలో వేసుకున్నాను. దొంగతనమే, కాదనను. ఆ కాగితాలు చదువుతుంటే మాత్రం నాకు కుర్చీలో గంటసేపైనా కూర్చోబుద్ధయ్యేది.

సరిగ్గా అప్పుడే మా ప్రాంతానికి రొయ్యల చెరువులు దిగాయి. అడవిపొలం వైపు ఉప్పునేల, ఎన్నడూ ఎవడూ కన్నెత్తి చూడని నేల, ఒక్కసారిగా ముద్దొచ్చింది అందరికీ. టైగర్ రొయ్య పెంచితే నాలుగు నెలల్లో బంగారం అన్నారు. కాకినాడ నుంచి ఐసు పెట్టెల లారీలు రావడం మొదలైంది. తవ్వడానికి భూములున్నవాళ్ళున్నారు, ఒంట్లో సత్తువున్న కుర్రాళ్ళున్నారు, డబ్బు మాత్రం లేదు. బ్యాంకు మేనేజరు రొయ్య పేరెత్తితే నవ్వేవాడు. నాకు నిద్ర పట్టేది కాదు. నా సంచిలో ఉన్న కాగితం ఈ ఊరి కోసమే పుట్టిందనిపించింది.

మా వీధికి రోజూ చేపలు తెచ్చే ఆవిడ ఒకావిడ ఉండేది. నేను అత్తా అనేవాణ్ణి, ఆవిడ నన్ను అల్లుడూ అనేది. చుట్టరికం ఏమీ లేదు, నోటి వరసే. భర్త వేరేవాళ్ళ పడవ మీద వేటకి వెళ్ళేవాడు. ఆవిడ రేవులో చేప కొని బుట్టకెత్తి మెట్టకూరు దాకా తిరిగి అమ్మేది. మా అరుగు మీద బుట్ట దింపి, అమ్మతో బేరంలో ఓ పావుగంట వాదించి, నాలుగు తిట్లు తిని నాలుగు పెట్టి, చివర్న నా వైపు తిరిగి, "అల్లుడూ, ఓ చెయ్యెయ్యి" అనేది. నిండు బుట్ట ఒక్కళ్ళే తల మీదకి ఎత్తుకోలేరు. అవతల వైపు ఎవరో ఒకరు పట్టాలి. మా ఇంటి దగ్గర ఆ చెయ్యి నాదే.

"పడవ కట్టిస్తన్నా తెలుసా?" అంది ఒకరోజు. పక్క ఊళ్ళో వడ్రంగికి సగం డబ్బు ఇచ్చేసిందట. చెక్క కూడా కోయించాడట. మిగతా సగం చేతిలో ఉంది గానీ, ఇంకో ఏడాది పోతేగానీ వలలకీ తాళ్ళకీ సరిపోయేంత పోగవదట. "మా ఆయన యాభయ్యో పడిలో పడ్డాడు. పరాయోడి పడవ మీద ఇంకెన్నాళ్ళు ఊడిగం చేత్తాడు? మా పడవలో మా చేప మా రేవుకి రావాల. అదీ నా పంతం" అంది. ఆ పంతం మాట అన్నప్పుడు ఆవిడ మెడ నిటారుగా నిలబడడం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. నేను చేసిన మొదటి పని ఆ మిగతా సగం గురించి ఆలోచించడం.

మా వీధి చివర ఒక తాతగారుండేవారు. యానాం ఫ్రెంచివాళ్ళ కింద ఉన్నప్పుడు, పడుచుతనంలో, ఫ్రాన్సు సైన్యంలో పనిచేసి వచ్చారు. నెలనెలా అక్కణ్ణుంచి పింఛను వచ్చేది. ఊళ్ళో ఆయన మాటకి విలువుంది. ఆయన వరండాలో ఒక ఆదివారం ఆరుగుర్ని కూచోబెట్టాను. తాతగారు, చేపల అత్త, ఒక బట్టల కొట్టాయన, కనకాలపేట నుంచి ఇద్దరు అన్నదమ్ములు, చర్చి బడిలో పాఠాలు చెప్పే పంతులమ్మ. నేను మాత్రం నిలబడే మాట్లాడాను. కూర్చుంటే నాకు మాట రాదు.

"ఇది చీటీ కాదు, వడ్డీ వ్యాపారం కాదు" అని మొదలుపెట్టాను. "మనం చెరువు తవ్వం. తవ్వేవాడికి డబ్బిస్తాం. వాడి దగ్గర వడ్డీ తీసుకోం, లాభంలో వాటా తీసుకుంటాం. మునిగితే వాడితోపాటు మనమూ మునుగుతాం. కానీ మీరు పెట్టినంత వరకే పోతుంది. మీ ఇంటి మీదకి ఎవడూ రాడు."

"ఇంటి మీదకి రాకపోతే చాలు" అన్నాడు బట్టల కొట్టాయన.

తరవాత ఒక్కొక్కటే చెప్పాను. డబ్బు పెట్టేవాళ్ళు వేరు, నడిపేవాడు వేరు. పెట్టినవాళ్ళు రోజూ వచ్చి పెత్తనం చెయ్యకూడదు. నడిపేవాడు తనదీ కొంత పెట్టాలి, లేకపోతే వాడికి నొప్పి తెలియదు. నేను నా మద్రాసు ఆఖరి జీతం పెట్టాను. అత్త వడ్రంగికి ఇవ్వాల్సిన ఆ మిగతా సగం పెట్టింది. ఒప్పుకున్న సొమ్మంతా ఒకేసారి ఇవ్వక్కర్లేదు, పని పడ్డప్పుడల్లా నడిపేవాడు పిలుస్తాడు, పిలిచిన పది రోజుల్లో ఇవ్వాలి. తాతగారు ముచ్చటపడి, "సైన్యంలో హాజరు పిలుపు లాగన్నమాట" అన్నారు. తిరుగుళ్ళకీ కాగితాలకీ ఏడాదికి నూటికి రెండు నాకు. మూడేళ్ళకి మూట విప్పి ఎవరిది వాళ్ళకి. లాభంలో అయిదో వంతు నడిపేవాడిది, అంటే నాది. అయిదో వంతు ఎక్కువని ఎవరూ అనలేదు. పడవల మీద పంపకాలు చూసినవాళ్ళకి అది ఎక్కువ కాదు.

అప్పుడు పంతులమ్మగారు అడిగారు. "ఆ అయిదో వంతు నువ్వు ఎప్పుడు తీసుకుంటావు బాబూ? మూడేళ్ళు అయ్యాకా, మధ్యలోనా?"

నా సంచిలో ఆ జవాబు ఉంది. తొమ్మిదో పేజీలో ఉంది. పెట్టినవాళ్ళ సొమ్మంతా ముందు వాళ్ళకి ముట్టాలి, ఆ తరవాతే నడిపేవాడికి వాటా. పొరపాటున ముందే ఎక్కువ తీసుకుని ఉంటే ఆఖరులో తిరిగి కట్టాలి. ఆ పేజీని నేను నా పదివేళ్ళతో టైపు కొట్టాను. నోరు తెరిచాను కూడా.

ఈలోగా అత్త అందుకుంది. "మధ్యలో ఏటండీ, ఎప్పటికప్పుడే ఇచ్చెయ్యాల! పడవ ఒడ్డుకొచ్చిందంటే ఆ రోజు లెక్క ఆ రోజే తెగాల. వేటకి వేటే లెక్క. మా ఆయన కుర్రతనంలో ఓ సావుకారుండేవోడు. ఎప్పుడడిగినా ‘పై వేటకి చూద్దాం’ అనేవోడు. ఆ పై వేట ఇప్పటిదాకా రాలేదు. కష్టపడినోడి కూలి మూడేళ్ళు అట్టే పెడితే అది పాపం. ఈ కుర్రోడు మన కోసం ఎండన పడి తిరుగుతాడా లేదా?"

"అదీ నిజమే" అన్నారు కనకాలపేట అన్నదమ్ములు. వాళ్ళకీ పడవల్లో వాటాలున్నాయి. మా రేవులో అంతకంటే పెద్ద న్యాయం లేదు. లెక్క మిగల్చడం అంటే మోసానికి తలుపు తియ్యడమే. తాతగారు తల ఊపి, "రాసెయ్" అన్నారు. నేను తెరిచిన నోరు మూసుకుని స్టాంపు కాగితం మీద రాశాను. ఏ చెరువు లాభం ఆ చెరువుకే పంచుకోవలెను, ముందు చెరువు లెక్క వెనక చెరువుకి పోదు అని. ఒక్కరికీ అనుమానం రాలేదు. సముద్రం పోయిన వేటలో ఇచ్చింది పై వేటలో వెనక్కి అడగదు. కానీ మా మూటలో పోయిన చెరువు డబ్బే పై చెరువులోకి పోతుంది; అది మునిగితే వాళ్ళ సొమ్ము పోతుంది, నేను ముందే తీసుకున్నది పోదు. ఆ తేడా ఆ వరండాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు తెలుసు, ఊరుకున్నాను. ఇది రాయడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదటి చెరువు అడవిపొలంలో. మా డబ్బుతో చెరువు తవ్వి రొయ్య పెంచిన కుర్రాడు కష్టజీవి. నేను రోజుకి రెండుసార్లు సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ణి. నత్తల మాంసం, తవుడు కలిపి మేత వేస్తుంటే పక్కనే నిలబడి, "ఎంత తిన్నాయి? ఎందుకు తక్కువ తిన్నాయి?" అని ప్రాణం తీసేవాణ్ణి. "బాబూ, నువ్వలా గట్టు మీద పరిగెడితే రొయ్యలకి బెదురు" అని అతను దండం పెట్టాడు. నాలుగున్నర నెలలకి వల వేశారు. తెల్లారేసరికి గట్టు మీద గుట్టలు. ఒక్కొక్క రొయ్య నా జానెడు. కాకినాడ లారీవాడు ధర చెప్పగానే తాతగారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. అత్త చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి ఐసులో చేతులు పెట్టి తనే ఏరింది. "అల్లుడూ! నీ నోట్లో పంచదార పొయ్య!" అని అరిచింది అందరి ముందూ.

మరుసటి రోజే నా వాటా నా చేతికొచ్చింది. తొమ్మిది వేలు. ఎప్పటికప్పుడే లెక్క తెగాలి కదా. మిగతా ఆరుగురి లాభం, అసలు, అంతా రెండో చెరువులో పెట్టమని సలహా ఇచ్చింది కూడా నేనే. "ఇప్పుడు తీసేస్తే ఏం మిగులుతుంది? పెద్ద చెరువు వేద్దాం" అన్నాను. అత్త మాత్రం కొంచెం తటపటాయించింది. "వడ్రంగి నాగులచవితి దాకా ఆగుతానన్నాడు. ఆ తరవాత చెక్క ఇంకోళ్ళకి ఇచ్చేత్తాడంట. ఈలోగా అయిపోద్దా?" అని అడిగింది. "వినాయకచవితికే నీ చేతిలో పెడతాను అత్తా, చూస్కో" అన్నాను. ఆ వారమే ఒక పాత మోటారుసైకిలు కొన్నాను. దాని మీద ఊళ్ళో తిరుగుతుంటే నా కాళ్ళ ఆరాటం కాస్త తగ్గింది. మనిషికి అంతకంటే ఏం కావాలనుకున్నాను.

రెండో చెరువు మొదటిదానికి మూడింతలు. మొదట్లో బాగానే పెరిగాయి. భాద్రపదంలో మబ్బు పట్టింది. వానా కురవదు, ఎండా రాదు, గాలి అసలే లేదు. నాలుగో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి చెరువు అంచుల పొడుగునా రొయ్యలు తలలు పైకెత్తి ఉన్నాయి. నీళ్ళలో వాటికి ఊపిరి ఆడడం లేదు. పంపు ఇంజను పెట్టి గోదావరి పాయలోంచి కొత్త నీళ్ళు తోడారు. కుర్రాళ్ళు నడుంలోతు దిగి తెడ్లతో నీళ్ళు కొట్టారు. నేనూ దిగాను. పొద్దున ఎనిమిదయ్యేసరికి చేతులు ఆడక ఆగిపోయాం. రొయ్యలు నా మోకాళ్ళకి తగులుతూ పక్కకి వాలిపోతున్నాయి. అడుగు తీసి అడుగు వెయ్యడానికి నాకు భయమేసింది.

దీపావళి ముందు ఆదివారం మళ్ళీ అదే వరండా. మూడేళ్ళ మూట ఏడాదిన్నరకే విప్పాల్సి వచ్చింది. ఇంజనూ, చచ్చినవాటిలో పనికొచ్చినవీ కారుచవకగా అమ్మగా వచ్చిన డబ్బు తలా కాస్త పంచాను. పెట్టినదాంట్లో సగం కూడా లేదు. ఆరుగురికీ నష్టం. ఏడోవాడికి, నాకు, నా ఆఖరి జీతం పోయినా పైన లాభం. ఆ లాభం వరండా బయట స్టాండు వేసి నిలబడి ఉంది. అందరికీ కనిపిస్తోంది.

తాతగారు ఒప్పందం తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఆ ముక్క పైకి చదివారు. ఏ చెరువు లాభం ఆ చెరువుకే. కాగితం మడిచి, "అబ్బాయి తీసుకున్నది అబ్బాయిదే" అన్నారు. బట్టల కొట్టాయన ఏదో అనబోయాడు. అత్త అననివ్వలేదు.

"ఇచ్చింది మళ్ళీ అడుగుతారేటండీ? పోయిన వేట చేప ఈ వేటలో వెనక్కి తెమ్మంటే రేపు మన పడవ ఎవడెక్కుతాడు? మాటంటే మాటే."

చేతిలో డబ్బు లెక్కపెట్టుకుంటూనే అంది ఆ మాట. రెండుసార్లు లెక్కపెట్టింది. "పడవకి ఎంత తక్కువైంది అత్తా?" అని అడిగాను. "పన్నెండు వందలు" అంది. "రేవులో సావుకారు అప్పిత్తాడు కదా" అన్నారు కనకాలపేటవాళ్ళు. ఆవిడ కోపంగా చూసింది. "ఆడి దగ్గర తీసుకుంటే నా చేప ఆడికే, ఆడు చెప్పిన ధరకే. ఆ మాత్రానికి సొంత పడవెందుకు?" అని లేచి వెళ్ళిపోయింది.

నా తొమ్మిది వేలు ఆరు వాటాలు వేస్తే మనిషికి పదిహేను వందలు. ఆ లెక్క నాకు ఆవిడ గుమ్మం దాటకముందే వచ్చేసింది. నాగులచవితికి ఇంకా పదిరోజులుంది. ఆ పదిరోజులూ నేను ఏం చేశానంటే, తిరిగాను. మోటారుసైకిలు వేసుకుని కాకినాడ రోడ్డు మీద సగం దూరం పోయేవాణ్ణి, వెనక్కి తిరిగేవాణ్ణి. తప్పేముంది, రాసుకున్నాంగా అనుకునేవాణ్ణి. వాళ్ళే ఇమ్మన్నారు, నేనడిగానా అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చి పెట్టె తెరిచి తొమ్మిదో పేజీ చదివి మళ్ళీ పెట్టె మూసేవాణ్ణి. అమ్మ అన్నం పెడితే సగంలో లేచిపోయేవాణ్ణి. "ఏం పుట్టిందిరా నీకు?" అంటే పళ్ళెం తోసేసి కసిరాను. దీపావళి వెళ్ళింది. నాగులచవితి నాడు పుట్టలో పాలు పొయ్యడానికి వీధంతా వెళ్ళింది. నేను మంచం మీద పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండిపోయాను. అంతసేపు కదలకుండా ఉండడం నా జన్మలో అదే మొదలు.

ఆ తరవాత వారానికి బండి అమ్మేశాను. కొన్నదానికంటే తక్కువకే పోయింది. తక్కువైంది అమ్మ దగ్గర తీసుకున్నాను. "దేనికి?" అని అడిగితే చెప్పాను, మొత్తం. అమ్మ బీరువాలోంచి తీసి ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అత్త మామూలుగానే వచ్చి అరుగు మీద బుట్ట దింపింది. నేను కాగితాలూ డబ్బూ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. "అత్తా, ఇది నీది. పదిహేను వందలు" అన్నాను. ఎందుకని అడిగింది. తొమ్మిదో పేజీ తీసి చదివాను. ఇంగ్లీషు ముక్క ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. పెట్టినవాళ్ళకి ముందు, నడిపేవాడికి తరవాత. ఎక్కువ తీసుకుంటే తిరిగి ఇవ్వాలి.

ఆవిడ చేప మీద నీళ్ళు చల్లుతున్న చెయ్యి ఆపింది. "చెక్క మొన్ననే పోయింది. కోరంగి వైపోళ్ళు కొనుక్కున్నారు. అడ్వాన్సు తిరిగి ఇయ్యనన్నాడు వడ్రంగి, తరవాత పడవకి చూద్దాం అన్నాడు" అంది. నా చేతిలో కాగితం వైపు చూసి అడిగింది. "ఆ కాయితం ఆ యేళ నీ దగ్గరే ఉందా?"

"ఉంది అత్తా. సంచిలో."

"నేను నీ తరపున అందరితో మాటాడతంటే ఇన్నావు."

"విన్నాను."

తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్లు నాకు కొత్త కాదు, ఆ రోజు వాటి కోసం ఆకలిగా ఎదురుచూశాను. తిట్టలేదు. డబ్బు తీసుకుని, తడి చేత్తోనే లెక్కపెట్టి, కొంగున ముడేసుకుంది. "మిగతావోళ్ళకీ ఇత్తన్నారా?" అంది. ఇస్తున్నానన్నాను. "మంచిదండీ బాబుగారూ" అంది.

బేరం లేకుండానే అమ్మకి చేపలు తూచి ఇచ్చింది. అమ్మ ఇచ్చిన చిల్లర చూసుకోకుండా రొంటిన దోపుకుంది. గుడ్డ చుట్టకుదురు తల మీద సర్దుకుని, వంగి, బుట్ట అంచు ఒకవైపు పట్టుకుంది. నేను ఎప్పటిలాగే రెండో వైపుకి అడుగు వేశాను. ఆవిడ తలెత్తి నన్ను దాటి వీధిలోకి చూసింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సైకిలు మీద పోతున్నాడు.

"ఓ బాబూ," అని పిలిచింది, "కాస్త చెయ్యేసి ఎల్లు నాయనా."

అతను సైకిలు స్టాండు వేసి, నా పక్కనుంచే వచ్చి, బుట్టకి రెండో వైపు పట్టుకున్నాడు.